తాతగారి .455 వెబ్లీని .32కి మార్పించవచ్చా? రకరకాల తూటాలు పేలే రివాల్వర్లు మన దగ్గర సేకరించవచ్చా?

ఒడిశాలోని కాశీనగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తాతగారు పోయాక ఇనప్పెట్టెలో నడుం దగ్గర విరిచి తెరిచే పాత ఇంగ్లీషు కంపెనీ వెబ్లీ రివాల్వర్ ఒకటి దొరికింది, .455 బోరు (బోరు అంటే గొట్టం లోపలి లావు, అంగుళాల్లో). తూటాలు ఎక్కడా దొరకవు. సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) మార్పించి .32 తూటాలు పేలేలా చేసుకోవచ్చా? దాంతో మొదలుపెట్టి, వీడియోల్లో చూపించే మెడూసా లాంటి అరుదైన బహుళ కాలిబర్ (రకరకాల బోర్ల తూటాలు పేలే) రివాల్వర్లు నెమ్మదిగా సేకరించవచ్చా? పిడీ గిడీ తన ఇష్టానికి చేయించుకోవచ్చా?

మార్పించకండి. ఇనుము జోలికి అస్సలు పోకండి. సేకరణ చేయొచ్చు కానీ మీరు ఊహించుకున్న దారి ఈ దేశంలో లేదు. పిడి చేయించుకోవచ్చు, అదీ ఒక పద్ధతిలో. వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది, మీరు ప్రశ్నలో రాయనిది ఒకటుంది. తాతగారి పేరు మీద ఉన్న లైసెన్సు ఆయనతోనే పోయింది. ఇవాళ ఆ రివాల్వర్ మీ ఇంట్లో లైసెన్సు లేని ఆయుధం.

నాది పర్లాకిమిడి. బరంపురంలో లైసెన్సున్న తుపాకుల దుకాణంలో ఇరవై ఎనిమిదేళ్లు మరమ్మతు బల్ల దగ్గర కూర్చున్నాను. మన వైపు పాత ఎస్టేటు ఇళ్ల నుంచి, కొండ ఊళ్ల మీద పెత్తనం చేసిన ముఠాదార్ల ఇళ్ల నుంచి, రిటైరైన ఆఫీసర్ల ఇళ్ల నుంచి వచ్చిన రివాల్వర్లు ఎన్ని విప్పి బిగించానో లెక్క లేదు. అందులో ఇలా పెట్టె అడుగున దొరికినవే ఎక్కువ.

ముందు మీ వెబ్లీ సంగతి. మన చట్టం లెక్కలో చేతి తుపాకులు రెండు జాతులు, నిషిద్ధ బోరు, నిషిద్ధం కాని బోరు. 9 ఎంఎం, .38, .455 నిషిద్ధ బోర్లు. సైన్యం, పోలీసులు వాడే తూటా మామూలు జనం చేతిలో ఉండకూడదన్నది అందులో ఆలోచన. .32 నిషిద్ధం కాదు, దానికి జిల్లా కలెక్టరు లైసెన్సు ఇవ్వగలరు. నిషిద్ధ బోరు కావాలంటే ఢిల్లీలో హోంశాఖ దాకా పోవాలి. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించాక లైసెన్సు లేకుండా నిషిద్ధ బోరు దగ్గర ఉంటే శిక్ష 7 నుంచి 14 ఏళ్లు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంట్లో పెట్టుకుని ఆలోచిద్దాం అనుకునే వాళ్లను చాలామందిని చూశాను కాబట్టి చెబుతున్నాను.

చేయాల్సింది ఇది. రివాల్వర్ పెట్టెలోనే ఉంచండి. చేత్తో పట్టుకుని బస్సెక్కి మాలాంటి దుకాణానికి తేకండి. తాతగారి పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం పట్టుకుని మీ పోలీసు స్టేషనుకు వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి, రసీదు తీసుకోండి. చట్టంలో 21వ సెక్షన్ సరిగ్గా ఇందుకే ఉంది. లైసెన్సు లేని వాడు ఆయుధాన్ని స్టేషనులోగానీ, షరతులకు లోబడి లైసెన్సున్న డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయొచ్చు. ఆ తర్వాత వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. మీ మేనత్తలతో మాటలు లేవని రాశారు. ముందు అది చూసుకోండి, అసలు ఆలస్యం అక్కడే అవుతుంది.

పాత రికార్డు ఎక్కడుంటుందో తెలుసుకోండి. మన గజపతి జిల్లా పుట్టింది 1992 అక్టోబరు 2న. అంతకుముందు మనమంతా గంజాం. కాబట్టి తాతగారి మొదటి లైసెన్సు ఛత్రపురం కలెక్టరేట్‌లో ఉండాలి. 1936 ఏప్రిల్‌కు ముందుదైతే మద్రాసు ప్రెసిడెన్సీ కాగితం, ఇంగ్లీషులోనో తెలుగులోనో ఉంటుంది, తెలుగుదైతే ఇప్పటి గుమాస్తాలకు చదవడం రాదు. ఒకాయన ముత్తాత తెలుగు కాగితం తెస్తే నేనే కూర్చుని చదివి పెట్టాను, పక్కన ఒడియాలో అర్థం రాయించుకున్నారు. ఆ ఒక్క కాగితంతో ఆయన పని సగం అయిపోయింది. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెలు, భూమి దస్తావేజుల కట్టలు వెతకండి. రివాల్వర్ కంటే ఆ కాగితమే ముఖ్యం.

తాతగారు బతికి ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం చేతికొచ్చి 25 ఏళ్లు గడిచినా, ఆయన బతికుండగానే వారసుడి పేరు చెప్పి లైసెన్సు ఇప్పించవచ్చు. 2016 ఆయుధ నియమాల్లో ఉంది. పెద్దాయన పోయేదాకా ఆగి తర్వాత తిరగడం ఎందుకు?

ఇక మార్పిడి సంగతి. చట్టం పక్కన పెట్టి ఇనుము లెక్కే చూద్దాం. .455 గుండు అంగుళంలో దాదాపు 455 వేల వంతుల లావు. .32 గుండు 312, 314 మధ్య. సిలిండర్ ఒక్కటే మార్చి ఏం లాభం? ఆ గొట్టంలో ఈ గుండు గుమ్మడికాయల బుట్టలో నిమ్మకాయలా దొర్లుకుంటూ పోతుంది. సిలిండర్, గొట్టం రెండూ మార్చాలి. హ్యామర్ సూది దెబ్బ సరైన చోట పడేలా చూసుకోవాలి. అంతా అయ్యాక మీ చేతిలో ఉండేది తాతగారి వెబ్లీ కాదు, ఎవడో లేతు మీద తయారు చేసిన కొత్త తుపాకీ. చట్టం కూడా దాన్ని అలాగే చూస్తుంది. 5వ సెక్షన్ ప్రకారం తయారీకి, మార్పిడికి, మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. 6వ సెక్షన్ ప్రకారం ఒక తరగతి ఆయుధాన్ని ఇంకో తరగతిగా మార్చడం నేరం, నిషిద్ధ బోరును మామూలు బోరు చేయడం సరిగ్గా ఆ పనే. శిక్ష 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. లేతు పనివాడు ఎంత మంచివాడైనా, మీకు బావమరిదే అయినా, ఈ పని అడగొద్దు. పాపం వాడి బతుకు కూడా పోతుంది.

దీనికో చరిత్ర కూడా ఉంది, వెబ్లీ వాళ్లకు పనికొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో వచ్చిన వెబ్లీ మార్క్ 6 రివాల్వర్లు తర్వాత మిగులు సరుకుగా అమెరికా పోయాయి. అక్కడా .455 తూటా దొరకలేదు. సిలిండర్ వెనక భాగం అరగదీసి, చిన్న రేకు క్లిప్పులతో .45 ఏసీపీ పిస్టల్ తూటా పెట్టి అమ్మారు. పేలింది, బాగానే పేలింది. కానీ ఆ పిస్టల్ తూటా ఒత్తిడి వెబ్లీని ఫ్యాక్టరీలో పరీక్షించిన ఒత్తిడికి దగ్గరగా పోతుంది. రోజూ పరీక్ష తూటా పేల్చినట్టే. ఇవాళ అక్కడి సేకర్తలు అరగదీయని సిలిండర్ ఉన్నదాని కోసం వెతుక్కుంటారు, అరగదీసింది తక్కువ ధరకు పోతుంది. మనవాళ్లు చేసే ‘ఇంప్రూవ్‌మెంట్లు’ అన్నీ ఈ దారినే పోతాయి.

ఇప్పుడు బహుళ కాలిబర్ రివాల్వర్లు. మీకు దీని మీద మోజుంది కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. అందరూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ ఇవి రకరకాలు.

మొదటిది ఒకే కుటుంబం తూటాలు. పొడుగు తూటా కోసం చేసిన సిలిండర్ అరలో అదే లావున్న పొట్టి తూటా కూడా పడుతుంది. .357 మాగ్నమ్‌లో .38 స్పెషల్ అలాగే పడుతుంది. .32 ఎస్ అండ్ డబ్ల్యు లాంగ్ రివాల్వర్‌లో పాత పొట్టి .32 పడుతుంది. ఇందులో అద్భుతం ఏమీ లేదు. పెద్ద గిన్నె మూత కింద చిన్న గిన్నె పెట్టడమే.

రెండోది రెండు సిలిండర్ల రకం. రూగర్ వాళ్ల సింగిల్ సిక్స్ కన్వర్టబుల్‌లో ఒక సిలిండర్ .22 లాంగ్ రైఫిల్‌కి, ఇంకోటి .22 మాగ్నమ్‌కి. గొట్టం ఒకటే. ‘రెండూ .22 కదా, మాగ్నమ్ సిలిండర్‌లోనే రెండూ పెడితే పోలేదా’ అని అడిగేవాళ్లుంటారు. పోదు. లాంగ్ రైఫిల్ కేసు (తూటా ఇత్తడి తొడుగు) లావు అంగుళంలో 226 వేల వంతులు, మాగ్నమ్ కేసు 242. వదులు అరలో పేలితే కేసు ఉబ్బి చీలుతుంది. అదే కంపెనీ బ్లాక్‌హాక్‌కి .357తో పాటు 9 ఎంఎం సిలిండర్ కూడా ఇచ్చారు. ఇలాంటివి కొనేవాళ్లు చూడాల్సింది, రెండో సిలిండర్ ఆ తుపాకీతో ఫ్యాక్టరీలో జత కుదిర్చిందా కాదా అన్నది. ఎక్కడో దొరికిన సిలిండర్ తగిలిస్తే దాని అర గొట్టానికి ఎదురుగా సరిగ్గా నిలబడదు. గుండు పక్కన గీసుకుంటూ పోతుంది, సీసం తునకలు బయటికి చిమ్ముతాయి.

మూడోది మీరు చూసిన మెడూసా మోడల్ 47. టెక్సాస్ రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఫిలిప్స్ అండ్ రోజర్స్ అనే చిన్న కంపెనీ 1990ల్లో చేసింది. సిలిండర్ మార్చే పనే లేకుండా 9 ఎంఎం, .380, .38, .357 కుటుంబాలవి పాతిక దాకా తూటాలు ఒకే అరలో పేలాలని దాని ఉద్దేశం. రివాల్వర్ తూటాకు వెనక అంచు ఉంటుంది, ఆ అంచే లోపలికి జారకుండా ఆపుతుంది. పిస్టల్ తూటాకు ఆ అంచు బయటికి పొడుచుకు రాదు, అరలోకి జారిపోతుంది. అందుకని మెడూసా ఎక్స్‌ట్రాక్టర్‌లో (పేలిన కేసుల్ని బయటికి తోసే భాగంలో) ప్రతి అరకూ స్ప్రింగుతో నడిచే చిన్న గోరు పెట్టారు. అది పిస్టల్ తూటా గాడిని పట్టుకుంటుంది, అంచున్న తూటా వస్తే పక్కకు తప్పుకుంటుంది. బుర్రున్నవాడి పని, నాకు చూస్తేనే ముచ్చటేస్తుంది. కానీ ఏ తూటాకూ ఒళ్లు అతికినట్టు ఉండదు. తొమ్మిది మందికి సరిపోయే చొక్కా ఒక్కరికీ బాగుండదు కదా. ఎక్కువ రోజులు చేయలేదు, అందుకే అరుదు, అందుకే ఖరీదు.

మన దేశంలో మెడూసాకు చోటే లేదు. అది పేల్చే తూటాల జాబితాలో ముందున్నవి 9 ఎంఎం, .38. రెండూ మనకు నిషిద్ధం. ఇక్కడి లైసెన్సు పుస్తకంలో ఆయుధం నంబరు రాస్తారు, బోరు రాస్తారు, తూటాలు ఆ బోరువే ఇస్తారు. పాతిక బోర్ల తుపాకీకి ఆ గడిలో ఏం రాయాలి? విదేశం నుంచి తెప్పించుకోవడం మామూలు మనిషికి జరిగేది కాదు. ‘తెప్పిస్తాను’ అని ఎవడైనా ఫోన్లో చెబితే వాడు దొంగైనా అయ్యుండాలి, మిమ్మల్ని పట్టించేవాడైనా అయ్యుండాలి.

పాతకాలం వాటిలో లమా అని ఒకటుంది. న్యూ ఆర్లియన్స్ వైద్యుడు ఝాన్ లమా 1856లో పేటెంటు తీసుకున్నాడు. సిలిండర్‌లో తొమ్మిది .42 గుండ్లు, ఆ సిలిండర్ తిరిగే ఇరుసే ఇంకో గొట్టం, అందులో చెర్రల (చిన్న సీసపు గుళ్ల) దెబ్బ ఒకటి. హ్యామర్ ముక్కు కిందికి వంచితే చెర్రల గొట్టం పేలుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్లు వాడారు. నా దృష్టిలో రెండు బోర్ల రివాల్వర్లలో అసలు అందం దానిదే. మ్యూజియం వస్తువు, అక్కడే చూడాలి.

మన వైపు బోరు కలగలుపు ప్రమాదం ఇంకోలా వస్తుంది. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. జనం ‘32 బోరు’ అనే ఒక్క మాటతో రెండు వేరు తూటాలను పిలుస్తారు. రివాల్వర్ తూటా .32 ఎస్ అండ్ డబ్ల్యు లాంగ్, అంచున్నది, పొడుగు. పిస్టల్ తూటా .32 ఏసీపీ, పొట్టిది, అంచు పేరుకు మాత్రం ఉంటుంది. పిస్టల్ది రివాల్వర్ అరలో పడుతుంది, చాలాసార్లు పేలుతుంది కూడా. కానీ ఒత్తిడి ఎక్కువ, కేసు ఒదగదు. ఒక కాంట్రాక్టరు గారు నా బల్ల మీద పెట్టిన రివాల్వర్‌లో నాలుగు కేసులు ఉబ్బి బిగుసుకుపోయి ఉన్నాయి. ‘రెండూ ముప్పై రెండే కదండీ’ అన్నాడు. ఆ రివాల్వర్ పాత విదేశీ సరుకు, వందేళ్ల ఇనుము. అర గోడ చీలకపోవడం ఆయన పుణ్యం. సిలిండర్ మాత్రం మళ్లీ పనికి రాలేదు.

సరే, సేకరణ ఎలా? 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, అంతకుముందు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినదీ ఈ లెక్కలోకే వస్తుంది. పేరున్న షూటింగ్ క్రీడాకారుల లెక్క వేరు. కాబట్టి గోడ నిండా రివాల్వర్లు అనే కల మనకు లేదు. 2020 ఫిబ్రవరిలో హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వులో చరిత్ర వస్తువులుగా లెక్కయ్యే చిన్న ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, కానీ వాడటానికి, మోసుకుపోవడానికి కావాలి అన్నారు. అయితే ఏది చరిత్ర వస్తువో మీరూ నేనూ తేల్చేది కాదు. చూపించి, రాయించుకుని అప్పుడు ఇంట్లో పెట్టుకోండి. ఖాళీ తూటా కేసులు కూడా సరదాకు పోగేయకండి. చట్టంలో తూటా భాగాలు కూడా తూటా కిందికే వస్తాయి.

నేను చూసిన మంచి సేకరణ ఒకటి రాయగడ వైపు ఒక మాస్టారిది. ఆయన దగ్గర పేలేది ఒక్కటీ లేదు. పాత డీలర్ల బిల్లులు, మద్రాసు కాలం లైసెన్సులు, చెక్క పెట్టెలు, శుభ్రం చేసే కడ్డీలు, నూనె డబ్బాలు, తోలు ఒరలు, వెబ్లీ ముద్రల పెద్ద పెద్ద ఫోటోలు. ముద్రలు చదవడం ఆయన దగ్గరే నేనూ కొంత నేర్చుకున్నాను. బాణం గుర్తు కింద ‘ఐ’ అక్షరం ఉంటే అప్పటి భారత ప్రభుత్వ సరుకు. రెండు బాణాలు ముక్కులు ఆనించుకుని ఉంటే సర్వీసు నుంచి అమ్మేసినది. అక్షరాలు తిరగబడి ఉన్నా, స్పెల్లింగ్ తప్పున్నా వాయవ్య సరిహద్దులో చేత్తో చేసిన నకలు. అలాంటిది పేల్చడం మాట దేవుడెరుగు, పేల్చేవాడి దగ్గర నిలబడటం కూడా నేను ఒప్పుకోను.

ఇక పిడి. ఇష్టం తీర్చుకోవడానికి మీకున్న చోటు ఇదొక్కటే, అదీ లైసెన్సు చేతికొచ్చాక. మన అదృష్టం, కొమ్ము పనికి పర్లాకిమిడి పేరున్న ఊరు. కొంగలు, నెమళ్లు, దేవుడి బొమ్మలు చెక్కే చేతులు పిడి రేకులూ చెక్కగలవు. చచ్చిన గేదె కొమ్మును వేడి చేసి, నొక్కి, పలక చేసి కోస్తారు. మెరుగు పెడితే నల్లరాయిలా ఉంటుంది, మధ్యలో తేనె రంగు చార వస్తే ఇంకా బాగుంటుంది. కానీ కొమ్ము బతికున్న సరుకు. మన వానల్లో ఉబ్బుతుంది, వైశాఖంలో ఎండి బీట వేస్తుంది, పురుగు కూడా తింటుంది. పలక కోశాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఊరికే ఉంచి అప్పుడు అమర్చమని పనివాడికి చెప్పండి. తొందరపడి నేను చేయించిన మొదటి జత శ్రావణంలో స్క్రూ దగ్గర పైకి లేచింది.

పనివాడికి తుపాకీ ఇవ్వకండి. పాత పిడి రేకులు మాత్రం విప్పించి నమూనాగా ఇవ్వండి. ఆ విప్పడం కూడా లైసెన్సున్న దుకాణంలోనే. ఫ్రేముకు కొత్త చిల్లు వేయకుండా, పాత స్క్రూ పట్టేలా చేయాలి. పాత రేకులు కాగితంలో చుట్టి దాచండి. వెబ్లీవి సాధారణంగా గంధకం కలిపి గట్టిపరిచిన నల్ల రబ్బరువి. గోధుమరంగుకు తిరిగాయని వేడినీళ్లతో కడిగితే ఇంకా పాడవుతాయి.

జింక కొమ్ము, ఏనుగు దంతం వద్దే వద్దు. 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉంది. ఒకసారి ఒక పాత కుటుంబం వాళ్లు పిన్ ఫైర్ రివాల్వర్ తెచ్చారు. తూటా పక్కన మేకు పొడుచుకొచ్చి ఉండే ఫ్రెంచి రకం అది. దానికి తూటా పుట్టదు, ఆయుధంగా ఎవరికీ అభ్యంతరం లేదు. పిడి మాత్రం దంతం. తుపాకీ గొడవ నెలలో తేలింది, దంతం కాగితాలకు ఏడాదిన్నర పట్టింది.

మెరుగు, నికెల్ పూత గురించి ఒక్క మాట. ఒక పెద్దమనిషి ఎమెరీ కాగితంతో రుద్ది, పూత వేయించి, పెళ్లికూతుర్ని చేసి తెచ్చాడు. నంబరు సగం మాసిపోయింది. లైసెన్సు పునరుద్ధరణప్పుడు పుస్తకంలో నంబరూ ఇనుము మీద నంబరూ కలవలేదు. గుర్తింపు నంబరు చెరపడం 8వ సెక్షన్ కింద నేరం, తెలియక చేశానంటే వినేవాళ్లుండరు. పాత ఇనుము మీది మచ్చను మచ్చగానే ఉండనివ్వండి. పల్చగా తుపాకీ నూనె చాలు. కొబ్బరినూనె రాయకండి, కాలం గడిచేకొద్దీ బంకలా పట్టేస్తుంది. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు చెమ్మ పీల్చి ఇనుముకు ఇస్తుంది. గోపాల్‌పూర్, సోంపేట లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అయితే ఒక్క వానాకాలం చాలు.

సరిహద్దు వాళ్లకు చివరిగా ఇంకొకటి. లైసెన్సు వచ్చాక అది ఎంతవరకు చెల్లుతుందో చూసుకోండి. ఒడిశా వరకే అని రాసి ఉంటే మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నంలో మేనమామ ఇంటికి పెళ్లికి పట్టుకెళ్లినా తప్పే. పెళ్లిలో గాల్లోకి పేలిస్తే అది ఇంకో కేసు, రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

స్టేషను రసీదు చేతికొచ్చాక మళ్లీ రాయండి. ఫోటో పెడితే ఎడమవైపు, కుడివైపు, సిలిండర్ మీది ముద్రలు దగ్గరగా తీయండి, నంబరు మాత్రం వేలితో మూసి. డిపాజిట్‌లో ఉన్నప్పుడు అక్కడివాళ్లనే తీయమని అడగండి, మీరు ముట్టుకోకండి. ఏ మార్కో, ఏ కాలందో చెబుతాను. కొమ్ము పనివాడి ఇల్లు కూడా అప్పుడే చెబుతాను, ఇప్పుడు చెబితే మీరు ముందు అక్కడికే పోతారు.